నగరంలో చిక్కుకున్న ఊళ్లు – 3వ పాఠం: ప్లాన్‌లో అద్దెవాళ్లను వెతకడం

చైనాలోని షెన్‌జెన్‌ నగరంలో చెంగ్‌జోంగ్‌సున్‌లు, అంటే నగరం నడుమ చిక్కుకున్న ఊళ్లు, ఎలా పుట్టాయో పోయిన పాఠంలో చూశాం. 1980లో ప్రత్యేక ఆర్థిక మండలి వచ్చాక పొలాలు పోయాయి, ఇళ్ల స్థలాలు మిగిలాయి. ఊరివాళ్లు వాటి మీదే మేడలు లేపి గదులు అద్దెకిచ్చారు. ఈ కిటికీలోంచి ఎదుటి కిటికీలోని మనిషితో చెయ్యి కలపొచ్చు, అంత దగ్గర. వాటిని 'కరచాలన మేడలు' అనే పిలుస్తారు.

ఇవాళ నేర్చుకునేది ఒక్క పనే. పునరభివృద్ధి ప్లాన్ చేతికొస్తే, అందులో అద్దెకున్నవాళ్లు ఎక్కడున్నారో చూడటం.

ముందు పరిహారం పేజీ తీయండి. ఇంటి యజమానులుంటారు, ఊరి ఉమ్మడి కంపెనీ ఉంటుంది, బిల్డరు ఉంటాడు. గదిలో బతుకుతున్న మనిషి మాత్రం సాధారణంగా కనపడడు. అతని హుకోవు, అంటే కుటుంబ నమోదు, చాలాసార్లు ఏదో దూరపు ఊళ్లో ఉంటుంది. షెన్‌జెన్‌లోని ఇలాంటి ఊరే బైషిజౌ. అక్కడ దాదాపు లక్షన్నర మంది ఉండేవాళ్లు, అత్యధికులు అద్దెవాళ్లే. 2019లో ఖాళీ చేయమన్నప్పుడు పిల్లల బడి ఏమవుతుందోనన్నది తల్లిదండ్రులకు పెద్ద టెన్షన్ అయింది. కాబట్టి బడి దూరాన్ని కూడా మీ కాగితంలో రాసుకోండి.

మేడలు కూల్చడం లేదంటే చాలనుకోకండి. షెన్‌జెన్‌లోనే ష్వేవేయ్ అనే ఊళ్లో 29 మేడలను కూల్చకుండా బాగుచేసి, లిఫ్టులు పెట్టి, 504 ఫ్లాట్లు చేశారు. కట్టడం పరంగా నాకు చాలా నచ్చిన పని అది. కానీ ఆ ఫ్లాట్లు అర్హతలున్న యువ ఉద్యోగుల కోసం కేటాయించారు. మేడ నిలిచింది, అందులో అంతకుముందున్న మనిషి సంగతి? అందుకే పాత అద్దె, కొత్త అద్దె, ఎవరు అర్హులు అనే మూడూ పక్కపక్కన రాయాలి.

ఇక నిబంధనలు చదవడం. అసలు కష్టం ఇక్కడే. నగరంలో అద్దెలు ఏడాదికి 5 శాతం మించి పెరగకూడదని 2021లో చైనా గృహనిర్మాణ శాఖ చెప్పింది. అది నగరం మొత్తానికి లెక్క. ఒక ఊళ్లో అద్దె రెట్టింపైనా ఆ సగటు కదలకపోవచ్చు. నివాసుల్లో కనీసం సగం మందికి అక్కడే, లేదా దగ్గర్లో చోటు చూపాలనీ ఉంది. 'నివాసులు' అన్న మాట కింద గీత గీయండి. ప్లాన్ రాసినవాళ్లు అందులో అద్దెవాళ్లను కలిపారా?

అభ్యాసం: ఏదైనా ఒక ప్లాన్ తీసుకుని 'నివాసులు' అన్న ప్రతిచోటా 'యజమానులు' అని మార్చి చదవండి. అర్థం చెడని వాక్యాలను విడిగా రాసిపెట్టుకోండి. 4వ పాఠం వాటితోనే మొదలవుతుంది.