అలాస్కా అడవుల్లో వారం రోజులు: ప్లాన్ ఎలా వేసుకోవాలి?

అలాస్కా వెళ్తున్నామని చెప్పేవాళ్ల ప్లాన్లు చాలావరకు ఒకేలా ఉంటాయి. ఏడు రోజుల్లో డెనాలీ, ఫెయిర్‌బ్యాంక్స్, స్యూవర్డ్, హోమర్, ఒక హిమానీనదం, ఎలుగుబంట్లు, వీలైతే అరోరా (రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు). వీటిలో ఏదీ సరిగ్గా చూడలేరు. అలాస్కా విస్తీర్ణం 17 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే, అంటే భారతదేశంలో సగానికి కొంచెం ఎక్కువ. అంత నేలకు ఉన్న రోడ్లు చాలా తక్కువ. రాష్ట్ర రాజధాని జూనోకే బయటినుంచి రోడ్డు లేదు. అడవిని చూడాలన్న కోరిక నిజమైతే ఒక్క చోటు ఎంచుకుని, చిన్న విమానంలో అక్కడ దిగి, మూడు నాలుగు రాత్రులు అక్కడే ఉండండి.

1. చోటు

మొదటిసారి వెళ్లేవారికి నా సలహా లేక్ క్లార్క్ నేషనల్ పార్క్. 40 లక్షల ఎకరాలు. లోపలికి రోడ్డు లేదు, ప్రవేశ రుసుమూ లేదు. అలాస్కాలోని పెద్ద నగరం ఏంకరేజ్ నుంచి ఫ్లోట్ ప్లేన్‌లో గంట, గంటన్నరలో ట్విన్ లేక్స్ నీళ్ల మీద దిగిపోతారు. రిచర్డ్ ప్రోనెకె 1968లో చేతి పనిముట్లతో క్యాబిన్ కట్టుకుని దాదాపు 30 ఏళ్లు గడిపింది ఈ సరస్సు ఒడ్డునే. ఆ క్యాబిన్ ఇప్పటికీ ఉంది, వెళ్లి చూడవచ్చు.

కారులో తిరిగితే చవక కదా అంటారు. చవకే. కానీ హైవే పక్క పార్కింగ్‌లో నిలబడి చూసే అడవి వేరు, విమానం వెళ్లిపోయాక ఒడ్డున మిమ్మల్ని చుట్టుకునే నిశ్శబ్దం వేరు. పైగా మట్టిరోడ్ల మీద తమ కార్లు నడపకూడదని చాలా అద్దె కంపెనీలు ఒప్పందంలోనే రాస్తాయి. మెకార్తీ రోడ్డు, డెనాలీ హైవే లాంటివన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఇవి తీసేస్తే మీకు మిగిలేది బస్సులు ఆగే చోట్లే.

ఐదు రోజులే ఉంటే మాత్రం విమానం ఆలోచన మానేయండి. ఏంకరేజ్ నుంచి స్యూవర్డ్ 127 మైళ్లు. రైలు ఉంది, ఊరి పక్కనే ఎగ్జిట్ గ్లేసియర్ అనే హిమానీనదం ఉంది, కెనాయ్ ఫియోర్డ్స్‌కు (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు) పడవలు ఉన్నాయి. లేదా డెనాలీ నేషనల్ పార్క్‌కు వెళ్లి అక్కడి బస్సు ఎక్కండి. 2021 ఆగస్టులో ప్రెటీ రాక్స్ దగ్గర నేల జారిపోవడంతో అక్కడి రోడ్డును 43వ మైలు దగ్గర మూసేశారు. బయల్దేరే ముందు ఇప్పటి పరిస్థితి ఏమిటో పార్క్ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

టెంట్‌లో ఒక్క రాత్రి కూడా పడుకోనివారు గైడ్ లేకుండా వెళ్లకూడదు. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

2. నెల

ఆగస్టు చివరి వారం, సెప్టెంబర్ మొదటి వారం. అంతే. జూన్‌లో ఏంకరేజ్‌లో 19 గంటల పైన పగలుంటుందని అందరూ అప్పుడే వెళ్తారు, జులై దాకా దోమలతో వేగలేక టెంట్‌లోంచి బయటికి రారు. ఆగస్టు చివరికి దోమలు బాగా తగ్గుతాయి, టండ్రా (చెట్లు లేని చలి నేల) ఎర్రబడుతుంది, రాత్రులు చీకటిగా ఉంటాయి కాబట్టి అదృష్టం ఉంటే అరోరా కూడా కనిపిస్తుంది. వాన ఎక్కువే, కాదనను. వానకు రెయిన్‌కోట్ ఉంది. జూన్ దోమల నుంచి తప్పించుకోవడం అంత తేలిక కాదు.

3. సామాను

గాలికి తట్టుకునే టెంట్, సున్నా డిగ్రీల కంటే కిందికి సరిపోయే స్లీపింగ్ బ్యాగ్, మంచి రెయిన్‌కోట్, రెయిన్ ప్యాంటు, ఉన్ని లేదా సింథటిక్ బట్టలు. జీన్స్, కాటన్ వద్దు. తడిస్తే ఆరవు, ఒళ్లు చల్లబడుతుంది. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు ఉంటే విమానం దిగేటప్పుడు పనికొస్తాయి. ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి శాటిలైట్ మెసెంజర్ తప్పనిసరి. గట్టి సూట్‌కేసులు తేవద్దు, చిన్న విమానంలో పట్టవు. మెత్తటి డఫెల్ బ్యాగులే తెచ్చుకోండి.

స్టవ్ గ్యాస్ డబ్బాలు, బేర్ స్ప్రే (ఎలుగుబంటిని తరమడానికి కొట్టే ఘాటు స్ప్రే) పెద్ద విమానాల్లో ఎక్కనివ్వరు. చెక్‌ఇన్ బ్యాగులో కూడా కుదరదు. ఏంకరేజ్‌లో దిగాక కొనండి. ఆ రెండూ మీ దగ్గర ఉన్నాయని చిన్న విమానం పైలట్‌కు ముందే చెప్పండి. లోపల స్ప్రే డబ్బా పగిలితే ఆయనకు కళ్లు కనిపించవు, అందుకే దాన్ని క్యాబిన్‌లో పెట్టనివ్వరు.

ఎలుగుబంట్ల సంగతి అందరూ భయపడినంత కష్టం కాదు, పద్ధతి పాటిస్తే చాలు. తిండి, టూత్‌పేస్ట్, సబ్బు, వాసన వచ్చేవన్నీ ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలో పెట్టాలి. వంట, డబ్బా రెండూ టెంట్‌కు 100 గజాల దూరంలో ఉండాలి. పొదల్లో నడిచేటప్పుడు మాట్లాడుకుంటూ నడవండి. ఎదురైతే పరుగెత్తకండి. స్ప్రే బ్యాగులో కాదు, నడుముకు ఉండాలి.

4. రోజుల లెక్క

అందరూ చెడగొట్టేది దీన్నే. కాస్త నిదానంగా చదవండి.

మిమ్మల్ని అడవికి చేర్చే చిన్న అద్దె విమానాలను, అంటే ఎయిర్ ట్యాక్సీలను, పైలట్ చాలావరకు తన కళ్లతో నేలను, కొండలను చూసుకుంటూ నడుపుతాడు. ఏంకరేజ్ నుంచి లేక్ క్లార్క్‌కు వెళ్లాలంటే కుక్ ఇన్‌లెట్ అనే సముద్రపు పాయ దాటి, కొండల మధ్య కనుమలోంచి దూరాలి. ఆ కనుమలో మబ్బు కిందికి దిగితే దారి మూసుకుపోయినట్టే. మీ సరస్సు మీద ఎండ కాస్తూ ఉండవచ్చు, ఏంకరేజ్‌లో ఆకాశం నీలంగా ఉండవచ్చు, అయినా విమానం రాదు. సరస్సు మీద గాలి లేచి అలలు పెరిగినా ఫ్లోట్ ప్లేన్ దిగలేదు. ఇది ఎవరి తప్పూ కాదు. ఇక్కడ ఎగరడమంటేనే ఇంత.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఒక రోజు విమానాలు ఆగితే, మరునాడు తెరిపి ఇవ్వగానే మీరొక్కరే కాదు, నిన్న అడవిలో చిక్కుకున్నవాళ్లందరూ వరసలో ఉంటారు. కాబట్టి ఒక రోజు వాన మీకు రెండు రోజుల ఆలస్యం కావచ్చు. అడవి నుంచి మధ్యాహ్నం బయటపడి అదే రాత్రి ఇంటి విమానం ఎక్కుతామని రాసుకున్న ప్లాన్ చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. టికెట్ పోవడం చిన్న నష్టం. పెద్ద నష్టం ఏమిటంటే, అలాంటి ప్రయాణికులు పైలట్‌ను బతిమాలుతారు, "కొంచెం ప్రయత్నించండి, మా ఫ్లైట్ పోతుంది" అంటారు. ఆ మాట ఎప్పుడూ అనకండి. రానని పైలట్ చెప్పినరోజు ఆయన మీ ప్రాణం కాపాడుతున్నట్టే.

అందుకే నా నియమం: అడవి నుంచి తిరిగొచ్చే రోజుకీ, ఇంటి విమానానికీ మధ్య పూర్తిగా రెండు రోజులు ఖాళీ. సర్దుబాటు లేదు. తొమ్మిది రోజుల సెలవైతే ఇలా వేసుకోండి. మొదటి రోజు ఏంకరేజ్ చేరడం. రెండో రోజు గ్యాస్, స్ప్రే, తిండి కొనడం. మూడో రోజు ఎగరడం. ఆరో రోజు తిరిగి రావడం. ఏడు, ఎనిమిది ఖాళీ. తొమ్మిదో రోజు ఇల్లు. వెళ్లేటప్పుడు ఆలస్యమైతే అడవిలో ఒక రాత్రి తగ్గించుకోండి, చివరి రెండు రోజులను మాత్రం ముట్టుకోవద్దు. విమానం అనుకున్నరోజే వస్తే ఆ రెండు రోజుల్లో స్యూవర్డ్ వెళ్లి రండి, వృథా ఏమీ కాదు. హోటల్, పడవ టికెట్లు మాత్రం రద్దు చేసుకోగలిగేవే తీసుకోండి.

సెలవు ఏడు రోజులేనా? అయితే కొనుగోళ్లు దిగిన రోజే ముగించి మరునాడే ఎగరండి. అడవిలో రెండు రాత్రులే ఉండండి. ఖాళీ రోజులు తీసేసి అడవి రాత్రులు పెంచుకోవడం చూడటానికి తెలివిగా ఉంటుంది, కానీ ఆ లెక్క నిలబడదు.

ఇదే లెక్క తిండికీ వర్తిస్తుంది. అనుకున్నదానికి రెండు రోజులు అదనంగా ఉండాలి. రోజూ వేసుకునే మందులు ఇంకా ఎక్కువ తీసుకెళ్లండి.

విమానం వచ్చే రోజు ఉదయమే అంతా సర్దుకోండి. టెంట్, స్టవ్ మాత్రం చివరిదాకా సర్దేయకండి. ఇంజన్ శబ్దం వినిపించాక టెంట్ మడవడానికి పది నిమిషాలు చాలు. వర్షంలో టెంట్ మడిచేసి ఒడ్డున ఆరు గంటలు కూర్చుంటే ఒళ్లు చల్లబడిపోతుంది. అనుకున్న చోటు వదిలి ఎక్కడికీ నడకకు వెళ్లొద్దు. వాతావరణం ఎలా ఉందని పైలట్ మెసేజ్‌లో అడిగితే "బాగానే ఉంది" అని రాయకండి, అది ఆయనకు ఎందుకూ పనికిరాదు. ఏ కొండ శిఖరం కనిపిస్తోంది, ఏది మబ్బులో ఉంది, గాలి ఏ దిక్కు నుంచి వస్తోంది, నీళ్ల మీద తెల్లటి నురగ ఉందా లేదా రాయండి. బాగోలేకపోతే బాగోలేదనే రాయండి.

5. ఎయిర్ ట్యాక్సీ బుకింగ్

జనవరిలోనే ఫోన్ చేయండి. చార్టర్ అయితే డబ్బు సీటుకు కాదు, విమానానికి. దించి ఖాళీగా వెనక్కి వెళ్లే గంటకు కూడా మీరే కడతారు, అందుకే ఇద్దరికంటే నలుగురైతే మనిషికి తక్కువ పడుతుంది. అందరి బరువు, సామాను బరువు అడుగుతారు. బట్టలు, బూట్లతో సహా నిజమైన బరువే చెప్పండి. వాతావరణం వల్ల ఆగితే డబ్బు సంగతేమిటో, దిగలేకపోతే రెండో చోటు ఎక్కడో ముందే మాట్లాడుకోండి.

6. ఇంట్లో ఇచ్చి వెళ్లాల్సిన కాగితం

ఎక్కడ దిగుతున్నారు, టెంట్ ఏ ఒడ్డున, ఎయిర్ ట్యాక్సీ ఫోన్ నంబర్, తిరిగొచ్చే రోజు. దాని కింద పెద్ద అక్షరాలతో ఇలా రాయండి: "ఒకటి రెండు రోజులు ఆలస్యం మామూలే. ముందు ఎయిర్ ట్యాక్సీ వాళ్లకు ఫోన్ చేయండి. మేం ఎక్కడున్నామో వాళ్లకీ తెలియకపోతేనే అలాస్కా స్టేట్ ట్రూపర్స్‌కు (రాష్ట్ర పోలీసులకు) చెప్పండి." రోజూ రాత్రి శాటిలైట్ మెసెంజర్ నుంచి ఒక మెసేజ్ పంపండి. ఒక రాత్రి అది రాకపోతే బ్యాటరీ అయిపోయి ఉండవచ్చని, కంగారుపడకుండా మరునాటి దాకా ఆగమని ఇంట్లో ముందే చెప్పి వెళ్లండి.