ప్రోటీన్ శాతం పెరిగింది, గింజ మాత్రం తేలిపోయింది: ఎక్కడ చూడాలి?

సమస్య: గోధుమ గింజ సన్నగా, ముడతలుపడి వస్తుంది. ల్యాబ్ రిపోర్టులో మాత్రం ప్రోటీన్ శాతం బాగుంటుంది. "బరువు తగ్గితేనేం, నాణ్యత పెరిగింది కదా" అని సరిపెట్టుకుంటారు. బోల్తా పడేది అక్కడే.

ముందు చేయాల్సింది: వెయ్యి గింజలు లెక్కపెట్టి తూకం వేయండి. ఇంత చిన్న పని వదిలేసి అందరూ మందుల షాపుకి పరుగెడతారు. వెయ్యి మంచి గింజలు 42 గ్రాములు తూగి, ప్రోటీన్ 12 శాతం ఉందనుకుందాం. అంటే 5 గ్రాముల ప్రోటీన్. మీవి 34 గ్రాములు, 13.5 శాతం అయితే 4.6 గ్రాములే. ప్రోటీన్ పెరగలేదు, పిండిపదార్థం అంతకన్నా ఎక్కువగా తగ్గింది. రెండు రిపోర్టులూ ఒకే తేమ లెక్కలో ఉన్నాయా అన్నదీ చూసుకోండి.

అసలు దొంగ: నీరు, నత్రజని, ఎండ అన్నీ సరిగానే ఉంటే నా అనుమానం నేలమట్టపు ఓజోన్ మీదే. ఇది పొగలా కనిపించదు, ఆకు మీద పొర కట్టదు. నైట్రోజన్ ఆక్సైడ్లు, గాలిలోని కర్బన ఆవిర్లు ఎండలో చర్య జరిపితే పుడుతుంది. "మా పొలం సిటీకి దూరం, ఇక్కడ పొల్యూషన్ ఎక్కడిది?" అంటారు. రద్దీ రోడ్ల దగ్గర వాహనాల నైట్రిక్ ఆక్సైడే ఓజోన్‌ను కొంత మింగేస్తుంది. అందుకే గాలివాటున దూరంగా ఉన్న పొలాల్లోనే అది ఎక్కువ ఉండొచ్చు.

ఓజోన్ ఆకు రంధ్రాల గుండా లోపలికి పోయి పోటాకును (వెన్ను కిందుండే చివరి ఆకు) ముందే పండబెడుతుంది. గింజ నిండే రోజులు తగ్గిపోతాయి. తడి బాగా పెట్టిన చేనులో రంధ్రాలు తెరుచుకుని ఉంటాయి కాబట్టి ఆ చేనే ఓజోన్‌ను ఎక్కువ పీల్చుకుంటుంది. బాగా చూసుకున్న చేనుకే దెబ్బ!

ముదురు ఆకుల పైవైపు, ఈనెల మధ్య సన్నటి చుక్కలున్నాయా? వేలితో రుద్దండి. పొడి అంటితే తుప్పు తెగులు. అంటకపోతే ఓజోన్ కావచ్చు. చుక్కలు లేనంత మాత్రాన ఓజోన్ లేదనుకోవద్దు. గాలి నాణ్యత లెక్కల్లో దుమ్ము అంకె, నెలసరి సగటు పక్కన పెట్టి, గింజ నిండే దశలో పగటి గంటల్లో ఓజోన్ 40 పీపీబీని (వంద కోట్ల పాళ్ల గాలిలో 40 పాళ్లు) ఎంత దాటిందో, ఎన్ని గంటలు దాటిందో చూడండి.

పరిష్కారం: ఈ పంటకు పెద్దగా ఏమీ లేదు. శిలీంధ్ర మందు, అదనపు యూరియా దండగ. వచ్చే పంటకు ఓజోన్‌ను తట్టుకునే రకం ఎంచుకోండి, గింజ నిండే దశ ఓజోన్ ఎక్కువుండే వారాల్లో పడకుండా విత్తండి. నేలలో తేమ ఉంటే, ఓజోన్ బాగా పెరిగిన రోజున తడి ఒకట్రెండు రోజులు ఆపొచ్చు. బార్లీ గోధుమకన్నా బాగా తట్టుకుంటుంది.

మిగతావి: ప్రోటీన్ శాతం కూడా పడిపోతే ముందు నత్రజని చూడండి; గింజలో జింక్, ఇనుము పడిపోతే ముందు మట్టి పరీక్ష చూడండి. గాలిలో పెరిగే కార్బన్ డయాక్సైడ్ కూడా ప్రోటీన్, జింక్, ఇనుము మూడింటినీ తగ్గిస్తుంది, కానీ దానికి పొలంలో మందు లేదు. ఇటుక బట్టీల ఫ్లోరైడ్ ఆకు కొనలు మాడుస్తుంది, అరుదు. కాడ్మియం (విషపు లోహం) అనుమానముంటే గింజ కడిగితే పోదు, గింజనూ మట్టినీ పరీక్షకు పంపండి.