కెమెరా, మైక్ అనుమతులు: తీరిగ్గా సరిచూసుకునే పద్ధతి

కొత్త యాప్ తెరిచిన మరుక్షణమే కెమెరా వాడుకోవచ్చా, మైక్ వాడుకోవచ్చా అని ఫోన్ అడుగుతుంది. ఆ క్షణంలో మన ధ్యాసంతా చేయబోయే పని మీదే ఉంటుంది కాబట్టి, ఆ పెట్టె తెర మీద నుంచి తొలగితే చాలన్నట్టు అనుమతి ఇచ్చేస్తాం. అలా తొందరలో ఇచ్చిన అనుమతి, ఆ సంగతి మనం మరిచిపోయినా చెల్లుతూనే ఉంటుంది. అందుకే అడిగిన క్షణంలో ఏం చెప్పామన్నదానికన్నా, తీరిక చూసుకుని ఆ జాబితాను మళ్లీ తిరగేయడమే ముఖ్యమని నా అభిప్రాయం.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి ప్రైవసీ విభాగంలోకి వెళితే పర్మిషన్ మేనేజర్ ఉంటుంది. కంపెనీని బట్టి దీని చోటు కొద్దిగా మారవచ్చు గనుక, కనిపించకపోతే సెట్టింగ్స్ పైభాగంలోని సెర్చ్‌లో వెతకండి. అందులో కెమెరాను నొక్కితే, అనుమతి పొందిన యాప్‌లు, పొందనివి వేరువేరుగా కనిపిస్తాయి. మైక్రోఫోన్‌కూ ఇదే పద్ధతి. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లోని ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద కెమెరాకు, మైక్రోఫోన్‌కు చెరొక పేజీ ఉంటుంది. ఇదివరకు అడిగిన ప్రతి యాప్ పేరు పక్కనా ఒక స్విచ్ ఉంటుంది. యాప్ నడుస్తుండగా ఆ స్విచ్‌ను మారిస్తే ఐఫోన్ ఆ యాప్‌ను మూసేస్తుంది కాబట్టి, సగం నింపిన ఫారం ఏదైనా ఉంటే ముందు దాన్ని పూర్తి చేసుకోవడం మేలు.

జాబితాలోని ప్రతి పేరు దగ్గరా ఆగి, ఈ యాప్‌తో నేను చేసే పని కెమెరా లేకుండా, మైక్ లేకుండా జరగదా అని ప్రశ్నించుకోవాలి. వీడియో కాల్ యాప్‌కు రెండూ కావాలి, అందులో వివాదం లేదు. టార్చ్ యాప్ సంగతి వేరు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఫోన్ లైటు వెలిగించడానికి కెమెరా అనుమతే అక్కర్లేదు. పైగా టార్చ్ ఫోన్‌లోనే ఉంటుంది కనుక, అలాంటి యాప్ కెమెరా అడిగిందంటే దాన్ని తీసేయడమే తేలిక. ఈ రెండింటికీ మధ్యలో ఉన్నవాటి దగ్గరే కాస్త ఆలోచించాల్సి వస్తుంది. ఏడాదికోసారి ఏదో కాగితాన్ని ఫొటో తీసి పంపడం కోసం ఒక యాప్‌కు కెమెరాను శాశ్వతంగా అప్పగించడం ఎందుకు? ఫోన్ సొంత కెమెరాతో ఫొటో తీసుకుని, దాన్ని గ్యాలరీ నుంచి జతచేసే వీలు చాలా యాప్‌లలో ఉంటుంది. అక్కడ కూడా అన్ని ఫొటోలనూ చూడనివ్వకుండా, ఎంచుకున్న ఫొటోలకే అనుమతి ఇస్తే సరిపోతుంది.

ఆండ్రాయిడ్‌లో ఒక్కో యాప్‌కు మూడు మార్గాలుంటాయి: యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే ఇవ్వడం, ప్రతిసారీ అడగమనడం, అసలు ఇవ్వకపోవడం. అరుదుగా అవసరపడే యాప్‌లకు నేను రెండోదాన్నే ఎంచుకుంటాను. అలా అడిగినప్పుడు ఈసారికి మాత్రమే అని ఒప్పుకునే వీలు 2020లో ఆండ్రాయిడ్ 11తో వచ్చింది. అదే వెర్షన్ నుంచి, ఒక యాప్‌కు రెండుసార్లు కాదంటే అది మళ్లీ అడగడానికి వీలుండదు. తరువాత మనసు మారితే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే మార్చుకోవాలి. వాడుతున్నప్పుడు మాత్రమే అన్న మాటను మాత్రం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. కాల్ మాట్లాడుతూ మరో యాప్‌లోకి వెళ్లినా అవతలివారికి మన మాట వినిపిస్తూనే ఉంటుంది కదా. అంటే తెర మీద లేకపోయినా, నోటిఫికేషన్ చూపిస్తూ నడిచే యాప్ కూడా వాడుకలో ఉన్నట్టే లెక్క.

ఇచ్చిన అనుమతిని ఎవరు ఎప్పుడు వాడుతున్నారో కనిపెట్టడానికి తెర పైభాగాన్ని గమనిస్తుండాలి. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి కెమెరా గానీ మైక్ గానీ పనిచేస్తున్నప్పుడు కుడి మూలన ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది. ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి కెమెరాకు ఆకుపచ్చ చుక్క, మైక్‌కు నారింజ చుక్క కనిపిస్తాయి; కంట్రోల్ సెంటర్‌ను కిందికి లాగితే ఏ యాప్ వాడిందో పేరు తెలుస్తుంది.

జరిగిపోయినదాన్ని చూడాలంటే ఆండ్రాయిడ్ 12లోనే మొదలైన ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ ఉంది. ఐఫోన్‌లో ఇలాంటి పని చేసే యాప్ ప్రైవసీ రిపోర్ట్‌ను మనమే ఆన్ చేసుకోవాలి. అది 7 రోజుల వివరాలు చూపిస్తుంది. నా ఫోన్‌లో డ్యాష్‌బోర్డ్‌ను మొదటిసారి తెరిచినప్పుడు, రాత్రి 11:40కి ఒక షాపింగ్ యాప్ మైక్ వాడినట్టు కనిపించి ఉలిక్కిపడ్డాను. తీరా గుర్తు చేసుకుంటే, ఆ రాత్రి ఏదో వెతకబోయి సెర్చ్ పక్కనున్న మైక్ గుర్తును నేనే నొక్కాను. తప్పు యాప్‌ది కాదు. అయినా టైపు చేస్తే జరిగిపోయే పనికి మైక్ ఎందుకని అనుమతి తీసేశాను, ఇంతవరకు దాని లోటు తెలియలేదు. డ్యాష్‌బోర్డ్‌లోని ప్రతి వరుసనూ ఇలాగే చూడాలి: ఆ సమయంలో మనం ఏం చేస్తున్నామో గుర్తు చేసుకుని, పొంతన కుదరకపోతేనే అనుమానించాలి.

ముఖ్యమైన సంభాషణ జరిగే వేళ అన్నిటినీ ఒకేసారి ఆపాలనుకుంటే, ఆండ్రాయిడ్ 12 నుంచి చాలా ఫోన్లలో, తెరను పైనుంచి కిందికి లాగితే వచ్చే క్విక్ సెట్టింగ్స్‌లో కెమెరాకు, మైక్‌కు చెరొక బటన్ ఉంటుంది. వాటిని ఆఫ్ చేస్తే, అనుమతి ఉన్న యాప్‌కు సైతం ఖాళీ దృశ్యం, నిశ్శబ్దం మాత్రమే అందుతాయి. కెమెరా మీద టేపు అంటించుకునేవారు మైక్‌కు ఆ టేపు అడ్డం కాదని గుర్తుంచుకోవాలి.

చాలామంది చూడకుండా వదిలేసేది బ్రౌజర్. దానికి ఒక్కసారి కెమెరా, మైక్ ఇచ్చాక, ఏ వెబ్‌సైట్‌కు అవి అందాలో బ్రౌజర్ తన సొంత జాబితాలో రాసుకుంటుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో మాత్రం బ్రౌజర్ పేరు ఒక్కటే కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లోని క్రోమ్‌లో అయితే దాని సెట్టింగ్స్‌లోని సైట్ సెట్టింగ్స్ తెరిచి, కెమెరా, మైక్రోఫోన్ పేజీలలో అనుమతి పొందిన వెబ్‌సైట్లను చూసి, ఎప్పుడో ఒక్క సమావేశం కోసం అనుమతించిన పాత చిరునామాలను అక్కడి నుంచే తొలగించాలి.