తుఫాను సీజన్‌కు ముందే యాంటీబాడీల ఫ్రిజ్ చూసుకోండి

అక్టోబరు దగ్గరపడితే విశాఖ ల్యాబుల్లో కరెంటు టెన్షన్ మొదలవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్లో సైటోమెట్రీ (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందుకు పంపి, వాటి మెరుపును కొలిచే పద్ధతి) చేసేవాళ్లు, కణాలను గుర్తుపట్టడానికి వాడే, డై తగిలించిన యాంటీబాడీల సంగతి ఇప్పుడే చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, కంగారులో వీటిని డీప్ ఫ్రీజర్‌లోకి మార్చకండి. పీఈ, ఏపీసీ అనే డైలు ఆల్గే నుంచి తీసే పెద్ద ప్రోటీన్లు. గడ్డకట్టి కరిగితే వాటి మెరుపు పోతుంది. ఇవి 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. థర్మోకోల్ పెట్టెలోకి మార్చాల్సి వస్తే, ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన ఐస్ ప్యాక్‌కు వయల్స్ (యాంటీబాడీ ఉన్న చిన్న సీసాలు) ఆనించకండి. ప్యాక్‌ను కాసేపు బయట ఉంచి, ఊపితే లోపల నీళ్లు కదులుతున్నాయనిపించాక వాడండి. మధ్యలో మందపాటి గుడ్డ వేసి, థర్మామీటర్ పెట్టండి. మామూలు రోజుల్లోనూ వయల్స్ ఫ్రిజ్ వెనక గోడకు తగలకుండా చూడండి.

పీఈ-సై7, ఏపీసీ-సై7 లాంటి టాండెమ్ డైల గురించే నాకు ఎక్కువ భయం. ఇందులో మొదటి డై పీల్చుకున్న శక్తిని రెండోదానికి అందిస్తుంది. వేడికో వెలుతురుకో ఆ జత చెడితే, సై7 వైపు రావాల్సిన సిగ్నల్ మొదటి డైని, అంటే పీఈనో ఏపీసీనో, కొలిచే చానల్లో కనబడుతుంది. వయల్ చూస్తే ఏమీ తెలియదు. లేని కణాలు ఉన్నట్టు తేలుతుంది, ఓ స్కాలర్ నెలల కష్టం తప్పుదారి పడుతుంది. పెట్టెలో చోటు చాలకపోతే ముందు వీటినే సర్దండి.

కరెంటు పోయాక ఫ్రిజ్ తలుపు ఊరికే తెరవొద్దు. ఏ డబ్బా ఏ అరలో ఉందో కాగితం మీద రాసి తలుపుకు అంటిస్తే, ఫోన్ టార్చ్ వేసి వయల్స్ అన్నీ వెతికే పని తప్పుతుంది. వయల్స్‌కు సిల్వర్ ఫాయిల్ చుట్టి, పేరు, లాట్ (తయారీ బ్యాచ్) నంబరు లేబుల్ మీద పెన్సిల్‌తో రాయండి. మన సముద్రపు తేమకి చల్లటి వయల్ చెమర్చి ఇంకు చెదిరిపోతుంది.

చాలా వయల్స్‌లో సోడియం అజైడ్ అనే విష రసాయనం ఉంటుంది. పాడైనవి సింకులో పోయకుండా కెమికల్ వేస్ట్‌లో వేయండి.

తుఫాను వెళ్లాక అన్నీ పారేయనక్కర్లేదు, అలాగని నమ్మి వాడేయనూ కూడదు. ఒక్కో యాంటీబాడీనీ విడిగా రక్తకణాలకు పట్టించి, పాత రీడింగ్‌తో పోల్చాలి. పోల్చడానికి పాత రీడింగ్ ఉండాలి కదా! అందుకే ఈ వారమే ప్రతి లాట్‌కూ సింగిల్ స్టెయిన్ (ఒక్క యాంటీబాడీనే పట్టించిన కణాలు) రన్ చేసి, మెషీన్ వోల్టేజ్ సెట్టింగులతో సహా ఫైల్ దాచండి. ఒక కాపీ ల్యాబ్ కంప్యూటర్‌లో కాకుండా క్లౌడ్‌లో ఉంచండి.