పద్యంతో పిల్లలకు చుట్టరికం కలపడం ఎలా?

పద్యం చదవగానే తాత్పర్యం చెప్పేయడం మన బడుల్లో పాత అలవాటు. ప్రతిపదార్థం, తాత్పర్యం, కంఠస్థం అయ్యేసరికి గంట కొట్టేస్తారు. నేను చిత్తూరు జిల్లాలో, తమిళనాడు సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో చిన్న తరగతులకు తెలుగు చెబుతాను. తాత్పర్యం వద్దని నేను అనను. కానీ అది చివరన పిల్లల నోటి నుంచి రావాలి. అంతకన్నా ముందు పద్యంలోని ఏదో ఒక మాట వాళ్లకు తమ ఇంటినో వీధినో అమ్మమ్మనో గుర్తుకు తేవాలి. ఆ జ్ఞాపకం పట్టుకుని తిరిగి పద్యంలోకి రావాలి. ఈ తిరిగి రావడమే కష్టమైన పని.

ఒకటి, రెండు తరగతులకు గేయంతో మొదలుపెట్టండి. “చందమామ రావే, జాబిల్లి రావే, కొండెక్కి రావే, గోగుపూలు తేవే.” కళ్లు మూసుకోమని చెప్పి, రెండుసార్లు నెమ్మదిగా చదవండి. రాగం తీయకండి. తీస్తే అందరూ గొంతు కలిపేస్తారు, ఆలోచన అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత “ఏం అర్థమైంది?” అని కాకుండా “ఏ మాట దగ్గర నీకు ఏం కనిపించింది?” అని అడగండి.

మా పిల్లల్లో చాలామందికి కొండ అంటే తిరుమల కొండే. చందమామ అలిపిరి దగ్గర చెప్పులు విడిచి మెట్లు ఎక్కుతున్నాడని ఒక పాప చెప్పింది. ఇలాంటి జవాబు వచ్చినప్పుడు “భలే” అని మెచ్చుకుని ముందుకు వెళ్లిపోతే దాని విలువంతా పోతుంది. “మెట్లు ఎక్కినప్పుడు నీకెలా ఉండింది?” అని అడిగాను. కాళ్లు నొప్పి పుట్టాయని, మోకాళ్ల పర్వతం దగ్గర నాన్న ఎత్తుకున్నాడని చెప్పింది. “మరి అంత కష్టపడి చందమామ ఎవరికోసం రావాలి?” అన్నాను. పక్కనున్న పిల్లవాడు అందుకున్నాడు: “పాప అన్నం తినడం లేదు కదా టీచర్, అందుకు!” ఆ నాలుగు పాదాల్లో అన్నం ఊసే లేదు. ఆ పాట పాడుతూ వాళ్లమ్మ ముద్దలు తినిపించింది కాబట్టి వాడికి తెలిసింది. పిలిచేది ఎవరో, ఎందుకు పిలుస్తోందో తరగతికంతా తెలిసిపోయింది. నేను విడిగా చెప్పాల్సింది ఏమీ మిగలలేదు.

గోగుపువ్వు చూడని పిల్లలను ఊహించుకోమంటే వృథా. గోంగూర మడిలో కోయకుండా వదిలేసిన మొక్కకు అలాంటి పువ్వే పూస్తుంది. ఒక కొమ్మ తెచ్చి చేతికివ్వండి.

నగరి, కుప్పం వైపు బడుల్లో ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు ఉంటారు. తెలుగు పీరియడ్‌లో వాళ్లు నోరు మెదపరు. ఆ గేయం చదివాక “మీ ఇంట్లో చందమామను ఎలా పిలుస్తారు?” అని వాళ్లను అడగండి. “నిలా నిలా ఓడి వా” అని అందుకుంటారు. అందులోనూ చందమామ కొండ మీదికి ఎక్కి రావాలి, మల్లెపూలు తేవాలి! ఆ పోలిక మీరు చూపించకండి, పిల్లలే పట్టుకుంటారు. పట్టుకున్నప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. తిరుమల శ్రీవారి మీద వేల సంకీర్తనలు రాసి, 1503లో కన్నుమూసిన అన్నమయ్య కూడా “చందమామ రావో జాబిల్లి రావో” అనే పిలిచి, బంగారు గిన్నెలో వెన్నపాలు తెమ్మన్నాడని అప్పుడు చెప్పండి. ఒకరు గోగుపూలు, ఒకరు మల్లెలు, ఒకరు వెన్నపాలు తెమ్మన్నారు. “నువ్వైతే ఏం తెమ్మంటావు?”

ఈ ప్రశ్నకు ఐస్‌క్రీమ్, సైకిల్ లాంటి జవాబులతో పాటు ఇంకోరకం జవాబు కూడా వస్తుంది. తండ్రి బెంగళూరులో పనికి వెళ్లిన ఒక పిల్లవాడు “మా నాన్నను” అన్నాడు. అలాంటప్పుడు గుచ్చి గుచ్చి అడగవద్దు, అందరి ముందూ ఓదార్చవద్దు. మిగతా జవాబుల వరసలోనే ఆ మాటనూ బోర్డు మీద రాయండి. గేయం మళ్లీ చదివేటప్పుడు “కొండెక్కి రావే, నాన్నను తేవే” అని వాడి పాదం కూడా కలిపి అందరిచేతా చదివించండి. విడిగా మాట్లాడాలనుకుంటే విరామంలో మాట్లాడండి.

మూడో తరగతికి వేమన “ఉప్పు కప్పురంబు” పద్యం ఇందుకు చక్కగా సరిపోతుంది. రెండు పళ్లేల్లో రాళ్ల ఉప్పు, నలిపిన కర్పూరం పెట్టండి. పద్యంలో “రుచుల జాడ” అని ఉంది కాబట్టి పిల్లలు నాలుక మీద వేసుకోబోతారు. అది జరగనివ్వకండి. కర్పూరం కొంచెం కడుపులోకి పోయినా చిన్నపిల్లలకు ఫిట్స్ రావచ్చు. దూరం నుంచి వాసన చూపించండి, మీరే చెరో గ్లాసు నీళ్లలో వేయండి. ఉప్పు కరుగుతుంది, కర్పూరం కరగదు. ఇక “చూడటానికి ఒకేలా ఉండి, దగ్గరికెళితే వేరైనవి మీరు ఏం చూశారు?” అని అడగండి. వేపాకు, కరివేపాకు అంటారు. మజ్జిగ, సున్నపు నీళ్లు అంటారు. వస్తువుల దగ్గరే ఆగితే పద్యం సగమే చేతికొచ్చినట్టు. మూడో పాదం చదివి, మనుషుల్లో చెప్పమనండి. తిరుపతి బస్టాండు దగ్గర ఆటోలో సంచి మరిచిపోతే ఆటో అతను వెతుక్కుంటూ వచ్చి ఇచ్చాడని ఒక అమ్మాయి చెప్పింది. “ఆటోలన్నీ ఒకేలా ఉంటాయి టీచర్, అందరూ ఖాకీ చొక్కానే వేసుకుంటారు” అంది. పుణ్యపురుషులు వేరయా అనే మాటకు ఇంతకంటే మంచి తాత్పర్యం నేను రాయలేను.

పిల్లల కబుర్లు దారి తప్పుతాయి. ఉప్పు అనగానే ఉప్పు లారీ, లారీ అనగానే మామయ్య, మామయ్య అనగానే ఆయన చూపించిన సినిమా. కసురుకోకుండా ఒకటే ప్రశ్న వేయండి: “ఇది పద్యంలో ఏ మాటకు చుట్టం?” ఆ మాట మీద వేలు పెట్టి చూపిస్తే ఉంచండి, లేకపోతే ఆ కబురు భోజనాల వేళకు. కొన్నాళ్లకు ఈ ప్రశ్న పిల్లలే ఒకరినొకరు వేసుకుంటారు.

నోటు పుస్తకంలో రెండు వాక్యాలు రాయిస్తే చాలు. “... అనే మాట చదివితే నాకు ... గుర్తొచ్చింది. అందువల్ల పద్యంలో ... తెలిసింది.” మొదటిది అందరూ రాస్తారు. రెండోది రాయలేని పిల్లలకు మొదటిది తప్పుగా రాశావని అనకండి, వాళ్లతో పద్యం ఇంకోసారి చదివించండి.

కొందరికి ఏమీ గుర్తు రాదు. అది నిజాయితీగా చెప్పిన జవాబు కాబట్టి ఒప్పుకోవాలి. లేకపోతే పక్కవాళ్లది కాపీ కొడతారు లేదా కల్పించి చెబుతారు. ఎవరి జ్ఞాపకం నచ్చిందో, ఎందుకు నచ్చిందో చెప్పమనండి. ఆ పద్యంలో తరగతికి పట్టు దొరకకపోతే దాన్ని పక్కనపెట్టి, జాతర మీదో మామిడి తోట మీదో ఉన్న గేయం ఒకటి అందుకోండి. గంగమ్మ జాతరకు వేషం వేసిన పిల్లలు తరగతిలో ఒక్కరైనా ఉంటారు, వాళ్లతో మొదలుపెట్టండి.