మొదటి టెక్ కాన్ఫరెన్స్‌కి వెళ్తున్నారా? హీల్స్ హాస్టల్లోనే వదిలేయండి

బీటెక్ థర్డ్ ఇయర్‌లో హైదరాబాద్ మాదాపూర్ వైపు జరిగిన ఒక విమెన్ ఇన్ టెక్ కాన్ఫరెన్స్‌కి వెళ్లాను. ఇప్పుడు జూనియర్లు వరసగా అడుగుతున్నారు, ఎలా వెళ్లాలి, ఏం వేసుకోవాలి, ఇంగ్లీష్ రాకపోతే పరువు పోతుందా అని. అందరికీ ఒకేసారి చెప్పేస్తున్నా.

ముందు టికెట్. పూర్తి రేటు చూసి భయపడకండి, చాలా వాటికి స్టూడెంట్ రేటు వేరే ఉంటుంది, కొన్ని స్కాలర్‌షిప్ కూడా ఇస్తాయి. అమెరికాలో 1994లో మొదలై 2010లో మన దేశానికీ వచ్చిన గ్రేస్ హాపర్ సెలబ్రేషన్ (అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ పేరు మీద పెట్టిన విమెన్ ఇన్ టెక్ కాన్ఫరెన్స్) లాంటివి స్టూడెంట్లకు స్కాలర్‌షిప్‌లు ఇచ్చినవే. కాకపోతే అప్లికేషన్లు నెలల ముందే మూసేస్తారు. బోనఫైడ్ సర్టిఫికెట్ అడిగితే ఆ రోజే కాలేజీ ఆఫీసులో దాని కోసం అప్లై చేసేయండి. నాకు ఒక్క సంతకానికి మూడు రోజులు పట్టింది, హెచ్‌ఓడీ సార్ లీవులో ఉన్నారు మరి.

ఇంట్లో చెప్పడం ఇంకో పరీక్ష. కాన్ఫరెన్స్ అంటే మా నాన్నకి క్లాసులు ఎగ్గొట్టే సాకులా వినిపించింది. హాలు అడ్రసు, ఎన్నింటికి అయిపోతుంది, తిరిగి ఎలా వస్తాను, పక్కన ఎవరుంటారు, అన్నీ ఒకే వాట్సాప్ మెసేజ్‌లో పెట్టాను. అడగడానికి ఆయనకి ప్రశ్న మిగల్లేదు, సరే అన్నారు.

ప్రయాణం ఈజీ. ఉప్పల్ వైపు ఉంటే బ్లూ లైన్ మెట్రో ఎక్కి మారే పని లేకుండా హైటెక్ సిటీలో దిగొచ్చు. ఎల్బీ నగర్, మియాపూర్ నుంచి వచ్చేవాళ్లు అమీర్‌పేటలో మారాలి. డబ్బులు చూసుకునేవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి ఫ్రీగా ఇచ్చే జీరో టికెట్ ఉండనే ఉంది, కానీ ఆధార్‌లో తెలంగాణ అడ్రసు ఉండాలి. నా రూమ్మేట్‌ది గుంటూరు, పాపం తను కొనుక్కోవాల్సిందే. ఇంకో మాట, ఆ టికెట్ చెల్లే మెట్రో ఎక్స్‌ప్రెస్ అంటే సిటీ బస్సు, మెట్రో రైలు కాదు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి జీరో టికెట్ నమ్ముకుని ఆధార్ పట్టుకుని మెట్రో స్టేషన్ కౌంటర్ దాకా వెళ్లింది.

బట్టలు మీ ఇష్టం, కాటన్ కుర్తీ చాలు. చెప్పులు మాత్రం పాతవే వేసుకోండి. నేను కొత్త హీల్స్‌తో వెళ్లి పదకొండు కల్లా మడమ ఒరుసుకుపోయి, బ్యాండ్ ఎయిడ్ కోసం రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర అడుక్కున్నాను. ఏసీకి వణుకుతారు కాబట్టి మందపాటి చున్నీ ఒకటి బ్యాగులో పడేసుకోండి.

ఇక అసలు సంగతి. మేం ఐదుగురం వెళ్లాం, లంచ్ దాకా ఐదుగురం ఒకే వరసలో కూర్చున్నాం, ఒకే స్టాల్‌కి వెళ్లాం, బయటివాళ్లు ఒక్కరితో కూడా మాట్లాడలేదు. అలా చేయకండి. లోపలికి వెళ్లగానే విడిపోండి, లంచ్‌లో కలుసుకోండి. సెషన్లు కూడా పొద్దున్నుంచి సాయంత్రం దాకా అన్నీ వినాలని లేదు. మూడో నాలుగో ఎంచుకోండి, పెద్ద స్టేజీ ప్రసంగాల కంటే చిన్న గదిలో చేయించే వర్క్‌షాప్ మేలు. మిగతా టైమంతా కారిడార్‌లో తిరగండి.

స్టాల్ దగ్గర "మేడమ్, ఓపెనింగ్స్ ఉన్నాయా" అని అడిగితే క్యూఆర్ కోడ్ చూపిస్తారు, అంతే, మాట అక్కడితో తెగిపోతుంది. నాకు అలా నాలుగు చోట్ల అయ్యింది. ఐదో చోట "మీ టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకి మొదటి నెల ఏం పని ఇస్తారు" అని అడిగాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, తను చేరిన కొత్తలో నెలంతా పాత కోడ్‌కి టెస్టులు రాయడంతోనే గడిచిన సంగతి పదిహేను నిమిషాలు చెప్పింది.

ఇంగ్లీష్ భయం గురించి. స్టేజీ మీద అంతా ఇంగ్లీషే, నిజమే. కాఫీ దగ్గర మాత్రం "మీది ఏ ఊరు" అనేసరికి సగం మంది తెలుగులోకి దిగిపోతారు. నాకు అన్నిటికంటే పనికొచ్చిన పరిచయం టీషర్ట్ కోసం పెట్టిన క్విజ్ లైన్‌లో దొరికింది. కంప్యూటర్‌లో మొదటి బగ్ (మామూలుగా పురుగు, కంప్యూటర్ వాళ్ల భాషలో తప్పు) ఎవరు పట్టుకున్నారు అన్నది ప్రశ్న. నేను టపీమని గ్రేస్ హాపర్ అన్నాను, స్టాల్ అబ్బాయి టీషర్ట్ ఇచ్చేశాడు. వెనకాల నిలబడ్డ ఒకావిడ నవ్వి, "1947లో హార్వర్డ్ మార్క్ 2 మెషీన్‌లో చిమ్మట దొరికింది నిజమే, లాగ్‌బుక్‌లో అతికించారు కూడా, కానీ పట్టుకున్నది ఆవిడ కాదు, ఆ కథ అందరికీ చెప్పి ఫేమస్ చేసింది ఆవిడ. బగ్ అన్న మాట అంతకు ముందే ఉంది" అంది. మరి టీషర్ట్ వెనక్కి ఇచ్చేయనా అన్నాను. వద్దులే, సైజు నాకు సరిపోదు అంది. ఆవిడది ఖమ్మం, పన్నెండేళ్లుగా టెస్టింగ్‌లో ఉంది. మేడమ్ అనబోతే అక్కా అను చాలు అంది.

నంబర్ అడగడానికి మొహమాటంగా ఉంటే లింక్డిన్ క్యూఆర్ తీసి పెట్టుకోండి. రెజ్యూమే ప్రింట్లు రెండు చాలు, పీడీఎఫ్ ఫోన్‌లో ఉంచండి, పవర్ బ్యాంక్ మర్చిపోకండి. మెసేజ్ మాత్రం ఆ రాత్రే పెట్టాలి, రెండు రోజులు పోతే మీ మొహం గుర్తుండదు. నేను తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో నిలబడే టైప్ చేశాను: "అక్కా, చిమ్మట టీషర్ట్ అమ్మాయిని. మీకు వీలైనప్పుడు నా రెజ్యూమే ఒకసారి చూస్తారా? ఒక్క తప్పు చెప్పినా చాలు."

మూడో రోజు రిప్లై వచ్చింది. స్కిల్స్ లైన్‌లో పద్నాలుగు పేర్లున్నాయి, ఎవరైనా అడిగితే పది నిమిషాలు మాట్లాడగలిగినవి ఉంచి మిగతావి తీసెయ్ అని.

తీసేశాను. నాలుగు మిగిలాయి.