కోచ్ అడిగే ప్రశ్న ఫ్రెండ్‌తో అడిగించుకోండి

ఇంట్లో కూర్చుని గ్రూప్-2కి చదివేవాళ్లు పుస్తకం తెరవడమే ఆలస్యం, ఏదో ఒక పని తగులుకుంటుంది. సాయంత్రానికి రోజు ఎటు పోయిందో తెలియదు.

టైం మేనేజ్‌మెంట్ కోచ్‌లు ఫీజు తీసుకుని చేయించే దాంట్లో సగం ఇదే: రేపు ఏం చేస్తారో ముందే చెప్పించుకోవడం, మర్నాడు అయిందా అని అడగడం. దానికి ఒక ఫ్రెండ్ చాలు. రాత్రి తొమ్మిదిన్నరకి 5 నిమిషాల ఫోన్. మర్నాటి పనులు మూడే చెప్పాలి, టైంతో సహా. "పాలిటీ చదువుతా" అంటే లెక్కలోకి రాదు. "6 నుంచి 7:30 దాకా ప్రాథమిక హక్కులు, 12 నుంచి 35 దాకా ఆర్టికల్స్, ఆ తర్వాత 20 బిట్లు" అనాలి. అవతలివాళ్లు అయిందా, కాలేదా అని మాత్రమే అడగాలి. క్లాసు పీకకూడదు (మన ఫ్రెండ్స్‌కి ఇదే కష్టం). ఆ రోజు పూర్తికాని పని మర్నాటి మూడింట్లో మొదటిది అవుతుంది, నాలుగోది కాదు. లేదంటే వారం తిరిగేసరికి బాకీలు పేరుకుపోతాయి.

అదే పరీక్ష రాసేవాళ్లతో మాత్రం ఇది పెట్టుకోవద్దు. నోటిఫికేషన్ ఎప్పుడు, కటాఫ్ ఎంత అంటూ ఫోన్ గంట సాగుతుంది. ఇంట్లోవాళ్లతోనూ కుదరదు, రెండో రోజుకే దెప్పిపొడుపుల్లోకి దిగుతుంది.